ఇరవై అయిదున్నర అంగుళాలు

ఓడలో మామూలు క్యాబిన్ తలుపు వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. ఈ సంగతి నాకు ఏ కోర్సులోనూ ఎవరూ చెప్పలేదు.

మా వీధిలో ఒక అమ్మాయి డిగ్రీ అయ్యాక టూరిజం డిప్లొమాలో చేరింది. మొన్న కిరాణా కొట్టు దగ్గర కనబడి, "అక్కా, నువ్వు ట్రావెల్ ఆఫీసుల చేసినవు గదా, ముందుగాల ఏం నేర్చుకోవాలె?" అని అడిగింది. ఇంగ్లీషు మంచిగ నేర్చుకో అని చెప్పి వచ్చేశాను. అది జవాబు కాదని నాకు తెలుసు. ఇప్పుడు మా పాప నిద్రపోయింది. నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం లేదని రెండుసార్లు చూసుకున్నాను. ఆ అమ్మాయికి చెప్పవలసింది ఇప్పుడు రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే చెల్లెళ్ళు ఇంకెవరైనా చదివినా మంచిదే.

మా ఆఫీసు తార్నాకలో ఒక బేకరీ మీద, మొదటి అంతస్తులో ఉండేది. ముగ్గురమే. నల్లకుంట నుంచి వచ్చే మా బాసు, విమానం టికెట్లూ వీసాలూ చూసే సీనియర్ అక్క, నేను. అక్క లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. దేనికైనా ఒక మాట విసిరి నవ్వించేది. మొదట్లో తిరుపతి, షిర్డీ బస్సులు నడిపిన మా బాసు, ఓడ ప్రయాణాల మీద మోజు మొదలయ్యాక వాటి బుకింగులు కూడా పట్టాడు. ఆ పని నాకు అప్పగించాడు. నేను అప్పటికి సముద్రాన్ని ఒక్కసారే చూశాను, అదీ కాలేజీ టూరులో.

మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా యూనివర్సిటీలో పనిచేసి రిటైరైనవాళ్ళు. సింగపూర్ దాకా విమానం, అక్కణ్ణుంచి ఐదు రాత్రులు ఓడ. కిటికీ లేని గది, కిటికీ ఉన్న గది, బాల్కనీ ఉన్న గది అని మూడు రకాలు వాళ్ళకు వివరించాలి. ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళకు ఓడ కంపెనీ క్లబ్బులో సభ్యత్వం ఇస్తారు. ఎన్ని రాత్రులు ఓడలో గడిపితే అన్ని పాయింట్లు. ముందు వెండి కార్డు, తర్వాత బంగారు కార్డు. బంగారు కార్డు ఉంటే వరుసలో నిలబడకుండా ఓడ ఎక్కవచ్చు, గదిలో పళ్ళబుట్ట పెడతారు, ఖాళీ ఉంటే ఇంకా మంచి గది ఉచితంగా ఇస్తారు. ఈ సంగతులు చెప్పేటప్పుడు మా బాసు గొంతు పెళ్ళి సంబంధం చెప్పేవాడి గొంతులా మారిపోయేది.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో బంగారు కార్డు ఉన్నది ఒక్క జంటకే. ఆయన యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఆమె స్కూలు టీచరు. ఇద్దరిదీ బందరు వైపు. క్రైస్తవులు. పెళ్ళైన కొత్తలో ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పిల్లలు లేరు. రిటైరయ్యాక మూడుసార్లు ఓడ ఎక్కారు, మూడుసార్లూ అదే కంపెనీ. ఆయన భార్యను "టీచరుగారూ" అని పిలిచేవారు. అది వెక్కిరింపో మర్యాదో తనకు ఎప్పటికీ తేలలేదని ఆమె నవ్వేది.

లైబ్రరీలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు సొరుగుల కొద్దీ పాత కార్డులు బయట పారేస్తుంటే, ఆయన కట్టలు కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నారట. ఏం రాసినా ఆ కార్డుల వెనకే. కూరగాయలు, మందుల పేర్లు, బైబిలు వాక్యాలు, అన్నీ. ముందువైపు ఎప్పటిదో ఒక పుస్తకం పేరు, వెనక ఆయన చిన్న అక్షరాలు.

మూడో ప్రయాణం తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. చక్రాల కుర్చీ తప్పలేదు. నాలుగోసారి ఆయన ఒక్కరే మా మెట్లెక్కి వచ్చి ఒక కార్డు నా ముందు పెట్టారు.

"కుర్చీ వెడల్పు అమ్మా. చక్రం అంచు నుంచి చక్రం అంచు దాకా. మూడుసార్లు కొలిచాను."

కార్డు వెనక రాసి ఉంది: ఇరవై అయిదున్నర అంగుళాలు.

"ఆమెకి ఒక్కటే కోరిక. తెల్లారుజామున ఓడ పైడెక్కు మీద కూర్చుని పొద్దుపొడుపు చూడాలట. ఇంక ఏ కోరికా లేదంటోంది. గదిలోంచి బయటికి, బయటి నుంచి గదిలోకి కుర్చీ తిరగాలి. అంతే. పళ్ళబుట్టలూ అవీ వాళ్ళే ఉంచుకోమను."

ఓడలో చక్రాల కుర్చీవాళ్ళ కోసం వేరే క్యాబిన్లు ఉంటాయని అప్పుడే తెలుసుకున్నాను. తలుపు వెడల్పుగా ఉంటుంది, బాత్రూంకు గడప ఉండదు, పట్టుకోవడానికి గోడకు కడ్డీలుంటాయి. అయితే ఓడ మొత్తం మీద అవి కొన్నే. నాలుగు రోజులు ఫోన్లు చేసి ఒకటి సంపాదించాను. కిటికీ లేని గది, కింది అంతస్తు. అయినా కుర్చీ పడుతుంది. ఆ రోజు నేను చాలా గర్వపడ్డాను. ఆయన కార్డును ఫైలులో పిన్ను పెట్టి ఉంచాను.

ఆ రోజుల్లో తార్నాక ఎలా ఉండేదో అప్పుడు అక్కడున్నవాళ్ళకు తెలుసు. పొద్దున ఆఫీసుకు వస్తే సాయంత్రం ఏ దారిన ఇంటికి వెళ్ళాలో తెలిసేది కాదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఊరేగింపు, గేటు దగ్గర పోలీసులు, ముళ్ళకంచెలు, డప్పులు. తెలంగాణ రావాలని నేనూ కోరుకున్నదాన్నే. మా ఆయన చదివింది ఆ క్యాంపస్‌లోనే. బంద్‌లతో ఆయన పాఠాలు చెప్పే ప్రైవేటు కాలేజీ సగం రోజులు మూసే ఉండేది. నా ఉద్యోగం మీదే ఇల్లు నడిచేది. మేం క్యాంపస్ గోడను ఆనుకున్న బస్తీలో ఉండేవాళ్ళం. పాపకు పది నెలలు. అత్తమ్మ చూసుకునేది.

లైబ్రరీ సారు అప్పుడు కూడా రోజూ క్యాంపస్‌లోకి వాకింగుకు వెళ్ళేవారు. ఒకరోజు ఎవరో కొత్త కుర్రాళ్ళు ఆపి, "సార్, మీదేడ?" అని అడిగారట. ఈయన "లైబ్రరీ" అన్నారట. వాళ్ళు నవ్వి పంపేశారు. మాకు చెప్తూ ఆయనా నవ్వారు. ఆ నవ్వు తొందరగా అయిపోయింది. "ముప్పై ఏళ్ళకి ఇదొక్కటే జవాబు తయారైందమ్మా. ఓడవాళ్ళు నయం, ఎక్కగానే 'మళ్ళీ వచ్చారా, సంతోషం' అంటారు" అన్నారు. బాష్పవాయువు కొట్టిన రోజున ఆయన ఇంటి గేటు తెరిచి పెడితే, పరిగెత్తుకొచ్చిన పిల్లలు పంపు దగ్గర కళ్ళు కడుక్కున్నారని అక్క చెప్పింది. అది మాత్రం ఆయన చెప్పలేదు.

బంద్ రోజు ఒకటి. అయినా బాసు మమ్మల్ని రమ్మన్నాడు. షట్టరు సగం దించి లోపల పనిచేస్తున్నాం. మధ్యాహ్నం మూడు దాటాక క్యాంపస్ వైపు నుంచి చప్పుళ్ళు మొదలయ్యాయి. పటాకుల్లా ఉంటాయి కానీ కావు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాను. అప్పుడే ఓడ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. అభినందనలు, మీ బంగారు కార్డు అతిథులకు బాల్కనీ ఉన్న క్యాబిన్ ఉచితంగా ఇస్తున్నాం, ఈ సాయంత్రంలోగా ఒప్పుకోండి అని. కింద ఆకుపచ్చ బటన్.

ఫోన్ మోగింది. అత్తమ్మ.

"పిల్ల కండ్లు తెరుస్తలేదే. పొగంత ఇంట్లకొచ్చింది. దగ్గుతున్నది, ఏడుస్తున్నది. నువ్వేడున్నవ్?"

"వస్తున్నత్తమ్మా. తడిగుడ్డ పెట్టు. తలుపులు మూసెయ్."

"మూసిన్నే. మూస్తే ఊపిరాడ్తలేదు."

ఫోన్ చెవికి పెట్టుకునే బటన్ నొక్కాను. ఉచితంగా వచ్చే మంచి గదిని వద్దనేవాళ్ళు ఎవరుంటారు? అసలు ఆలోచించానని కూడా చెప్పలేను. చెప్పులు సరిగ్గా వేసుకోకుండా షట్టరు కింద నుంచి దూరి పరిగెత్తాను. సందుల్లో తిరిగి ఇంటికి చేరేసరికి అత్తమ్మ పాపను బకెట్ నీళ్ళ దగ్గర కూర్చోబెట్టి మొహం కడుగుతోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రికి పాప బిస్కెట్ చప్పరిస్తూ ఆడుకుంది. నేను మాత్రం దాన్ని ఒళ్ళోంచి దింపలేదు. ఆ బటన్ సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

పది రోజుల తర్వాత, ప్రయాణానికి వారం ముందు, కాగితాలు ప్రింట్ తీస్తున్నాను. క్యాబిన్ నంబరు మారింది. పక్కన ఉండే చిన్న చక్రాల కుర్చీ గుర్తు లేదు. పాత మెయిల్ తెరిచి చివరిదాకా చదివాను. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ప్రత్యేక అవసరాల క్యాబిన్ ఉన్నవారు ఒప్పుకునే ముందు మమ్మల్ని సంప్రదించండి, పాత క్యాబిన్ తిరిగి ఇవ్వబడదు.

ముంబైలోని ఓడ కంపెనీ ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆ క్యాబిన్ అప్పుడే ఇంకెవరికో వెళ్ళిపోయింది. అలాంటివి ఇంకేవీ ఖాళీ లేవు. కొత్త గది తలుపు ఎంత వెడల్పని అడిగితే, కనుక్కుని చెప్పింది ఫోన్లో అమ్మాయి. ఇరవై రెండు అంగుళాలు. బాల్కనీకి వెళ్ళాలంటే ఎత్తు గడప. బాత్రూంకు ఇంకో గడప.

బాసుకు చెప్పాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు.

"చెప్తే క్యాన్సల్ అంటరు. కాలనీ మొత్తం మాట్లాడుకుంటది. గీ బంద్‌ల వచ్చేటోళ్ళే నలుగురు. ఓడల మనుషులుండరా? ఎత్తుకొని లోపల కూసోబెడ్తరు. నువ్వేం చెప్పకు."

"పెద్దావిడ సార్."

"గందుకే. బాల్కనీ వచ్చిందంటే ఖుషీ అయితరు. ప్రింట్ తియ్యి ఇగ."

బయటికి వచ్చాక అక్క నా చెయ్యి పట్టుకుంది. "చెప్పెయ్యవే. తిడితే తిడతరు. మా లాలాగూడల పంపు కాడ తిట్లకంటె ఎక్కువ తిడతడా లైబ్రరీ సారు?"

"ఉద్యోగం పోతదక్కా."

అక్క నవ్వలేదు. నా చెయ్యి వదిలేసింది.

వాళ్ళు కాగితాల కోసం వచ్చిన రోజు నాకు స్పష్టంగా గుర్తుంది. ఆమె మెట్లు ఎక్కలేదు కాబట్టి నేనే కిందికి వెళ్ళాను. బేకరీ ముందు ఆటోలో కూర్చుని ఉంది. లేత నీలం చీర. ఎడమచేత్తో కుడిచేతిని ఒళ్ళో పట్టుకుని ఉంది. కుర్చీ మడిచి వెనక కట్టారు. బాల్కనీ సంగతి ఫోన్‌లో బాసు అప్పటికే చెప్పేశాడు.

"చూశావా అమ్మా, నాలుగోసారికి బాల్కనీ ఇచ్చారు" అని ఆయన కవరు అందుకున్నారు. "టీచరుగారూ, ఇంక పైడెక్కు దాకా ఎందుకు? మంచం దిగితే సముద్రమే."

"మంచం దిగగలిగితే కదండీ" అని ఆమె నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది. మాట కాస్త ముద్దగా వచ్చేది. "తలుపు వెడల్పుగా ఉంటుందిగా అమ్మా? అంతకుముందు చెప్పిన గదిలాగే?"

ముందున్న పోలీసులు ముళ్ళకంచె పక్కకు లాగుతున్నారు. ఆటోవాడు వెనక్కి తిరిగి, "జల్దీ అమ్మా, మళ్ళ బంద్ చేస్తరు" అన్నాడు.

"ఉంటుందమ్మా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. ఏమనుకుందో తెలియదు. ఎడమచెయ్యి చాచి నా బుగ్గ తట్టి, "పాప కులాసానా?" అని అడిగింది. ఆటో వెళ్ళిపోయింది.

ఆ వారంలో ప్రతి రోజూ ఫోన్ చేద్దామనుకున్నాను. పొద్దున అనుకుంటే సాయంత్రానికి, సాయంత్రం అనుకుంటే మర్నాటికి వాయిదా వేశాను. వాళ్ళు ఓడ ఎక్కిన రోజున, ఇంక చెప్పడానికి వీలు లేదని నాకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. ఈ మాట రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ ఇదే నిజం.

తిరిగి వచ్చిన మూడు వారాలకు ఆయన ఆఫీసుకు వచ్చారు. కోపం లేదు. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కూర్చుని మెల్లగా చెప్పారు. కుర్చీ గదిలోకి పట్టలేదు. దాన్ని బయట నడవాలో వదిలి, ఇద్దరు పనివాళ్ళు ఆమెను చేతుల మీద లోపలికి తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టారు. పిలిచినప్పుడల్లా వచ్చారు, మంచివాళ్ళే. కానీ పరాయి మగవాళ్ళు ఎత్తడం ఆమెకు చచ్చేంత సిగ్గు. రెండో రోజు నుంచి బయటికి రానంది. తెల్లవారుజామున ఇద్దరు మనుషులను పిలిపించడం ఇష్టపడలేదు. బాత్రూంకు వెళ్ళాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసింది.

"నేను గొంతు తడుపుకోమని చెంచాతో ఇచ్చేవాణ్ణి. పెదవులు మూసేసేది" అన్నారు. "బాల్కనీ ఉందిగా అని తలుపు తెరిచాను. మంచం మీంచి సముద్రం కనబడదమ్మా. రెయిలింగు కనబడుతుంది. దాని మీద ఆకాశం. ఐదు రోజులూ అదే చూసింది."

అక్క లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఆయన ముట్టుకోలేదు.

"మూత్రపిండాలకి ఏదో ఇన్ఫెక్షన్ అన్నారు. ఆసుపత్రిలో ఉంది. దేవుడి దయ." తర్వాత నన్ను అడిగారు. "అమ్మా, నేను నీకొక కార్డు ఇచ్చాను. కొలత రాసి. అదొకసారి చూపిస్తావా? నేనే తప్పు కొలిచినట్టున్నాను."

ఆ ఫైలు నా చేతికి అందేంత దూరంలో ఉంది. బాసు గాజు తలుపు అవతలి నుంచి చూస్తున్నాడు.

"పాత ఫైళ్ళు సర్దేశాం సార్. దొరకదు" అన్నాను.

"సరేలేమ్మా" అని ఆయన లేచారు. ఆ సాయంత్రం ఆ కార్డు పిన్ను తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు.

ఆమె తర్వాత రెండు నెలలే ఉంది. ఓడ వల్లనే అని ఏ డాక్టరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. చర్చిలో జరిగిన ప్రార్థనకు అక్క వెళ్ళింది. పాపకు విరేచనాలని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. పాప ఆ రోజు బాగానే ఉంది.

నెల తర్వాత ఉద్యోగం మానేశాను. మానేయమని ఎవరూ అనలేదు. ఏ ఉద్యోగం పోతుందని నోరు మూసుకున్నానో, చివరికి దాన్ని నేనే వదులుకున్నాను. అక్క ఒక్కటే అంది. "ఇప్పుడన్నా పోయి చెప్పు. ఆయన ఆ కుర్చీ కొలుసుడు ఆపుతలేడట. చర్చోళ్ళు చెప్తున్నరు."

వెళ్ళాను. తార్నాక వెనక వీధిలో కింది అంతస్తు ఇల్లు. కళ్ళు కడుక్కోవడానికి పిల్లలు వచ్చిన పంపు గేటు పక్కనే ఉంది. తలుపు తీసే ఉంది. హాల్లో గుమ్మం దగ్గరే ఖాళీ చక్రాల కుర్చీ, దాని సీటు మీద దర్జీ టేపు. బల్ల మీద లైబ్రరీ కార్డులు వరుసగా పేర్చి ఉన్నాయి. అన్నిటి వెనకా అంకెలే. ఇరవై అయిదున్నర. ఇరవై అయిదున్నర. ఒకదాని మీద ఇరవై ఆరుకు కొంచెం తక్కువ అని.

"రా అమ్మా" అన్నారు. "చూడు, ఎన్నిసార్లు కొలిచినా సరిగ్గానే వస్తోంది. మరి ఆ రోజు నీకు ఏం రాసిచ్చానో. లైబ్రరీలో ఒక్క నంబరు తప్పు రాసి ఎరగను. ముసలితనం."

బ్యాగులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు. చాలాసేపు పట్టింది.

"సరిగ్గానే రాశాను" అన్నారు.

చెప్పాను. మెయిల్, బటన్, కింద ఉన్న చిన్న అక్షరాలు, ముంబై ఫోను. పాప కళ్ళ గురించి చెప్పబోయి ఆపేశాను. అది అడ్డం పెట్టుకోవడానికి నోరు రాలేదు. అంతా అయ్యాక ఆయన ఒక్కటే అడిగారు.

"ఆటోలో కూర్చుని ఆమె అడిగినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు సార్."

ఆయన టేపు తీసుకుని చుట్టడం మొదలుపెట్టారు. చివరిదాకా చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టారు.

తిడతారని ఎదురుచూశాను. క్షమిస్తారని కూడా, సిగ్గు లేకుండా, ఎదురుచూశాను. దారి పొడుగునా నేను అనుకుంటూ వచ్చింది ఒక్కటే. నిజం చెప్తే ఆయన గుండె బరువు దిగుతుంది, తప్పు తనది కాదని తెలుస్తుంది అని.

"ఇన్నాళ్ళూ నేనే తప్పు కొలిచాననుకున్నానమ్మా" అన్నారు ఆయన. "అది బాగానే ఉంది. రోజూ ఆమెకి క్షమాపణ చెప్పుకునేవాణ్ణి. ప్రార్థనలో. ఆమె సరేలెండి అన్నట్టుండేది. ఇప్పుడేం చెప్పుకోను? టీచరుగారూ, మన ఎదురుగా నిలబడ్డ అమ్మాయికి నిజం తెలుసు, మీరు అడిగారు కూడా, నేను పక్కనే కూర్చుని కవరు చూసి మురిసిపోతున్నాను అని చెప్పనా?"

 

"వెళ్ళు. చీకటి పడితే దారులు మూసేస్తారు. పాప ఎదురుచూస్తుంటుంది" అన్నారు. కోపంగా అనలేదు. ఆ మాట ఎవరికైనా చెప్పేవారే.

నేను లేచాను. కుర్చీ గుమ్మానికి అడ్డంగా ఉంది. వచ్చేటప్పుడు పక్కగా ఒదిగి ఎలా వచ్చానో, ఇప్పుడు నాకు దారి దొరకలేదు. ఆయన వంగి బ్రేకు తీశారు. రెండు చేతులతో కుర్చీని వెనక్కి లాగి, లోపల మనిషి కూర్చున్నట్టే నెమ్మదిగా తిప్పి, గోడ పక్కకు జరిపి, నేను బయటికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డారు.